ఇందుమతి లీజరు

పొద్దుటి నుంచి వరసగా నాలుగు పీరియడ్లు నిలబడి చెప్పిన ఇందుమతి, ఐదో గంట కొట్టగానే స్టాఫ్‌రూంలో కూలబడింది. టైంటేబుల్లో అది ఆమెకు క్లాసు లేని లీజరు. పుస్తకం తెరిచిందో లేదో, అటెండరు సన్యాసయ్య రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎనిమిది బీకి మేస్టారు రాలేదమ్మా. పెద్ద మేస్టారు తమర్ని ఎల్లమన్నారు. సంతకం ఎట్టండి."

ఆ నెలలో అది పదిహేడోసారి.

అది 2009. కాశీబుగ్గలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో ఇందుమతి జీతం రెండువేల ఎనిమిది వందలు. ఆమె చదివింది వృక్షశాస్త్రం. దసరా సెలవులకి ఫిజికల్ సైన్సు మేస్టారు మానేస్తే ఆ క్లాసులూ ఆమెకే తగిలించారు. రాని పాఠం చెప్పాలంటే ముందు తను నేర్చుకోవాలి. ఇంటికి వెళితే వంటా, పిల్లలూ. ఆ నలభై నిమిషాలే దిక్కు.

కిందటి మంగళవారం ఆమ్లాల పాఠం. ప్రయోగం ముందుగా చేసి చూసుకుందామనుకున్న లీజరును ఫీజు రసీదులు రాయడానికి లాక్కున్నారు. పేరు చీటీ ఊడిపోయిన సీసాలో ఉన్నది నీళ్లు కలిపిన ఆమ్లమే అనుకుంది ఇందుమతి. కాదు, గాఢ ఆమ్లం. గాజుగొట్టం బుసబుసా పొంగి, దాన్ని పట్టుకున్న విద్యార్థిని సౌజన్య చెయ్యి కాలింది.

మర్నాడు ఆ పిల్ల తల్లి కన్నమ్మ వచ్చింది. అరవలేదు. జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడి, పొరలు లేచిపోయిన చేతులు రెండూ ఇందుమతి ముందు చాపింది.

"నా సేతులు సూడండమ్మా. జీడి సొనకి ఇలగైపోనాయి. నా గుంట సేతులు ఇలగవ్వకూడదనే కదా మీ కాడికి అంపినాను?"

ఇప్పుడు సన్యాసయ్య చాపిన రిజిస్టరు చూస్తుంటే ఇందుమతికి ఆ చేతులే కనిపించాయి.

"సంతకం పెట్టను సన్యాసయ్యా. పెద్ద మేస్టారికి అలాగే చెప్పు," అంది.

అయిదు నిమిషాల్లో హెడ్మాస్టరు జగన్మోహనరావు వచ్చాడు.

"ఏటమ్మా, అక్కడ పిల్లలు కొట్టుకు సస్తన్నారు. మీరిక్కడ కూకుంటే ఎలాగ?"

"ఇది పాఠం తయారుచేసుకునే టైమండి. మొన్న ఆగస్టులో వచ్చిన విద్యాహక్కు చట్టంలో తయారీ కూడా మేస్టార్ల పనిగంటల్లో లెక్కేనని రాసుంది."

"రాసుంటే సరా? ఇంకా అమల్లోకి రాలేదు. వచ్చినా మన ప్రైవేటోళ్లని ఎవుడు సూస్తాడు?" ఆయన గొంతు తగ్గించాడు. "ప్రమాదం మీ అజాగ్రత్త వల్లే అయిందని కాగితం రాయించమన్నారు కరెస్పాండెంటు గారు. అది రాసేసి క్లాసుకెళ్లిపోండి. ఉజ్జోగం నిలబడతాది."

ఇందుమతికి ఆయన మీద కోపం రాలేదు. ఆయన కూడా హెడ్మాస్టరు పనితో పాటు రోజుకి అయిదు పీరియడ్లు చెబుతున్నాడు.

"అజాగ్రత్త నాదేనండి. రాస్తాను. ఆరోజు నా లీజరు దేనికి లాక్కున్నారో అదీ రాస్తాను."

"అలగైతే కుదరదమ్మా."

"అయితే రాయనండి."

ఎనిమిది బీలో బల్లలు దడదడలాడుతున్నాయి. ఎవరో పిల్ల ఏడుస్తోంది. ఇందుమతి కాళ్లు అటే లాగాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. జగన్మోహనరావు గడియారం చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆమె పుస్తకంలోకి తల వంచింది. మొదటి వాక్యం బుర్రకెక్కలేదు. మళ్లీ మొదటి నుంచి చదివింది.