ఫోన్లో చెట్టు వైద్యం

నేను మొక్కల నర్సరీ నడుపుతాను. ఇరవై ఏళ్ళ అనుభవం. ఈ మాట రోజుకు పదిసార్లు అంటాను, అక్కతో మరీ ఎక్కువ అన్నాను. నాలుగేళ్ళ కిందట ఆమె పెరట్లోకి మల్బరీ మొక్క పంపించింది నేనే. చెట్టు ఏపుగా ఎదిగింది గాని ఒక్క పండు లేదు.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఒక ఏడు నీళ్ళెక్కువ అన్నాను. మరుసటి ఏడు ఎరువు చాల్లేదన్నాను. ఆ పై ఏడు, "జామచెట్టు నీడ పడుతోంది, కొట్టించెయ్" అన్నాను. అది బావ నాటిన జామచెట్టు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నా మాట మీద కొట్టించేసింది. బావ పోయినప్పుడు వచ్చి వెళ్ళినవాణ్ణి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మొన్న ఏదో పనిమీద అటు వెళ్ళి అక్క ఇంటి దగ్గర ఆగాను.

"నా చెయ్యే మంచిది కాదురా. పక్కింటావిడ కూడా అదే అంటోంది," అంది అక్క.

మల్బరీ కొమ్మ పట్టుకుని ఊపాను. పూతకంకుల్లోంచి పసుప్పచ్చటి పుప్పొడి లేచింది. అంతే, తెలిసిపోయింది. మగచెట్టు! నూరేళ్ళు పెంచినా కాయదు. నర్సరీ ముందు నేను వ్యాను నిలిపేది ఒక మల్బరీ కిందే, పండ్ల మరకలు పడవని. చేతికందుతున్నాయని కొమ్మలూ దానివే కోసి నాటి మొక్కలు చేశాను. అక్కకు పంపిందీ వాటిలోదే. మరకలు ఎందుకు పడవో ఆలోచించిన పాపాన పోలేదు. ఛీ, నాదీ ఒక అనుభవమేనా!

"ఇది మగచెట్టక్కా. నీ తప్పేం లేదు," అని మాత్రం అన్నాను.

అక్క గబగబా గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటావిడను పిలిచింది. "విన్నారా? దోషం నా చేతిది కాదట! మా తమ్ముడు ఇట్టే కనిపెట్టేశాడు. వాడికి తెలియని మొక్క లేదండీ!"

సిగ్గుతో చచ్చిపోయాను. నోరు మూసుకుంటే గండం గడిచేదే. ఆ పొగడ్త మాత్రం మింగుడుపడలేదు.

"అక్కా, ఈ మొక్కకు కొమ్మ చూసుకోకుండా మగచెట్టుది కోసింది నేనే. నీళ్ళూ, ఎరువూ, నీడా... అన్నీ నోటికొచ్చినట్టు చెప్పాను."

పక్కింటావిడ పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు, తిట్టనూ లేదు.

"చూస్తే తెలిసేదే కదరా," అంది. "ఒక్కసారి రాలేకపోయావా?"