బీకర్లు కడిగిన చెయ్యి

"కడగడంలో నీ చెయ్యే వేరమ్మాయ్" అంది సవరమ్మ, సింకు దగ్గరున్న కోడలి భుజం మీంచి తొంగి చూసి.

షీబా పసుపూ ఉప్పూ వేసి నాటుకోడి ముక్కలు రుద్దుతోంది. ఈ మెచ్చుకోలు ఆమెకి కొత్త కాదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంట్లో అత్తగారు, కాలేజీలో మొగుడు, ఇద్దరికీ ఆమెలో కనిపించిన గొప్పతనం అదొక్కటే. "గ్లాస్‌వేర్ షీబా కడిగితేనే రిజల్ట్ వస్తుందండీ" అని పాల్ రాజు స్టాఫ్ రూములో పదిమంది ముందూ అంటాడు. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. ఆయనగారి లెక్కలో అది పొగడ్త. పీహెచ్‌డీ చేసిన మనిషిని పట్టుకుని గిన్నెలు బాగా తోముతావంటే ఎలా ఉంటుందో, ఎవరైనా ఆయన్ని ఓసారి అలా పొగిడితే తెలిసొచ్చేది. పొగడరు. ఆయన చేత్తో బీకరు కడిగి ఏళ్ళైంది మరి.

ఇద్దరూ ఒకే గైడ్ దగ్గర పరిశోధన చేశారు. ఇద్దరిదీ నానో రేణువుల మీదే. కంటికి కాదు కదా మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనని వెండి రేణువులు. థీసిస్ ముందు ఇచ్చింది షీబా. ఆయన థీసిస్‌లో రెండు చాప్టర్లు దిద్దిపెట్టింది కూడా షీబానే. అప్పట్లో దాన్ని ప్రేమ అనుకుంది. పెళ్ళయ్యాక నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలో ఉన్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఇద్దరూ చేరారు. ఆ తర్వాత పాప పుడితే సెలవు పెట్టింది షీబా, అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి సెలవు పెట్టింది షీబా. పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి పెట్టేది కూడా ఆమే. ఆయన ప్రొఫెసర్ అయ్యాడు. ఆమె ఇంకా అసిస్టెంట్ ప్రొఫెసరే. ప్రమోషన్ ఇంటర్వ్యూలో "మీకు ఫస్ట్ ఆథర్‌గా పేపర్లు తక్కువున్నాయి మేడమ్" అన్నారు. తక్కువుండవా మరి? ప్రయోగం చేసేదీ, రాసేదీ ఆమే. పంపించే ముందు పేర్లు అటూ ఇటూ మార్చేది ఆయన.

మొదటిసారి అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, అదే ఆమెకి ఒళ్ళు మండించే సంగతి. "నీ పేరు ముందుంటే ఏంటి, నా పేరు ముందుంటే ఏంటి షీబా? ఇంట్లోకే కదా" అన్నాడు. అలా ఇంట్లోకి వచ్చిన ప్రొఫెసర్ పోస్టు ఆయన కుర్చీలోనే కూర్చుంది, వంటింటి వైపు ఒక్కసారి కూడా రాలేదు.

ఈ మామిడి కాగితం పని మాత్రం అలా పోనివ్వకూడదనుకుంది. వాళ్ళ నాన్న ఆగిరిపల్లిలో తోటలు కౌలుకి చేసేవాడు. నిగనిగలాడే కాయలు పెట్టెల్లో సర్ది దూరం పంపిస్తే, అక్కడ దిగేసరికి నల్లమచ్చలు పడేవి. మచ్చలు పడ్డాయని ఫోన్ వచ్చిన రోజు నాన్న అన్నం దగ్గర కూర్చుని కూడా తినేవాడు కాదు. ఆమె బుర్రలో ఆ మచ్చ అలా ఉండిపోయింది. మామిడాకులు ఉడికించిన రసం వెండి ద్రావణంలో కలిపితే వెండి రేణువులు పుడతాయి. అవి పట్టించిన పల్చటి కాగితంలో కాయని చుడితే మచ్చ రాకుండా ఎన్నాళ్ళు ఆగుతుందో చూడాలి. ఆలోచన తనది, ఆకులు తనవి, తోటల్లో తిరిగి కాళ్ళు పీకింది తనకి. ప్రాజెక్టుకి డబ్బిమ్మని ప్రపోజల్ రాసి, హెడ్ అన్న చోట తన పేరు పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన చేతి మీదుగా పోయేసరికి ఆ పేరు పాల్ రాజు అయింది.

"హెడ్ అంటే ఫైళ్ళు, సంతకాలు, మీటింగులు. నీకెందుకా టెన్షన్? పని నువ్వు చెయ్యి, టెన్షన్ నేను పడతా" అన్నాడు.

ఎంత మంచి మనిషి. మొన్న ఆదివారం చర్చిలో ఫాదర్‌గారు పాల్ రాజుగారి ప్రాజెక్టు కోసం ప్రార్థన చేశారు. ఆయనకి అండగా నిలబడ్డ భార్య ఆరోగ్యం కోసం కూడా చేశారు. సవరమ్మ కళ్ళొత్తుకుంది. షీబా పళ్ళు బిగబట్టి ఆమెన్ అంది.

ఆ ప్రాజెక్టు చూడ్డానికే డబ్బు మంజూరు చేసే కమిటీ ఇవాళ వస్తోంది. వాళ్ళ ముందు ప్రయోగం చేసి చూపించాలి. నీళ్ళలా రంగులేని ద్రావణం తేనెరంగుకి తిరిగితే రేణువులు పుట్టినట్టు. నిన్న సాయంత్రం బీకర్లన్నీ కడిగి, ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, బోర్లించి వచ్చింది షీబా. తీరా పొద్దున్న సవరమ్మ మొదలెట్టింది. ఆఫీసర్లు ఊళ్ళోకొస్తే హోటల్ కూడు పెడతామా, నాటుకోడి, గారెలు, రసాల మామిడిపళ్ళు ఇంట్లోనే పెట్టాలి.

"నేను ల్యాబ్‌లో ఉండాలి కదా" అంది షీబా.

"అంతా రెడీ చేశావుగా. రంగు మారడమేగా, నేను చూసుకుంటా" అన్నాడు పాల్ రాజు, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కూర సగం ఉడికేసరికి ఫోన్ మోగింది.

"షీబా, తెల్లగా అయిపోతోందేంటి?" గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. వీళ్ళంతా చూస్తున్నారు."

షీబాకి అక్కడికక్కడే అర్థమైంది. "దేంతో కడిగారు?"

"వీళ్ళు రాకముందు ఓసారి ప్రాక్టీస్ చేసుకున్నా. డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. తాగే మినరల్ వాటర్ టిన్ను ఉందిగా, దాంతో కడిగి, దాంట్లోనే కలిపా. మంచినీళ్ళేగా?"

మంచినీళ్ళేనట. తాగే నీళ్ళలో ఉప్పు ఉంటుంది, వెండి ద్రావణం ఆ ఉప్పుని చూస్తే చాలు తెల్లగా విరిగిపోతుంది. ఇది ఫస్టియర్ పిల్లలకి ఆయనే చెప్పే పాఠం. కానీ డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఎవరు నింపుతారో, ఎప్పుడు అయిపోతుందో ఆయనకేం తెలుసు? నోరు తెరిచి, పక్క డిపార్ట్‌మెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ ఉంది తెచ్చుకోండి అంటే అయిపోతుంది. ఒక్క ముక్క. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ముక్క చెప్పే ఆయన్ని గట్టెక్కించింది. ఇవాళా గట్టెక్కిస్తే ఆగిరిపల్లి తోటలు, నాన్న తినకుండా లేచిన అన్నం, అన్నీ పాల్ రాజుగారి ప్రాజెక్టులోకి పోతాయి. తన ఆరోగ్యం కోసం ఇంకో ప్రార్థన జరుగుతుంది.

"ఏం ముట్టుకోకండి. నేనొస్తున్నా" అంది.

గరిటె అత్తగారి చేతిలో పెట్టింది. సవరమ్మ గాభరాపడింది. "కూర సగంలో ఉంటే ఎక్కడికే?"

"రంగు మారడమేగా అత్తయ్యా, మీరు చూసుకోండి."

మామిడికాయల ట్రాక్టర్లని తప్పించుకుంటూ స్కూటీ మీద కాలేజీకి చేరేసరికి చీర మీద మసాలా వాసన అలాగే ఉంది. ల్యాబ్‌లో కమిటీ వాళ్ళు ముగ్గురు. పెద్దాయన నారాయణరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మధ్యలో ఆ తెల్లటి బీకరు.

"మా మిసెస్ అండీ. ల్యాబ్‌లో హెల్ప్ చేస్తుంటుంది" అన్నాడు పాల్ రాజు, ఊపిరి తిరిగినట్టు.

"మీరూ సైన్సేనామ్మా?" అన్నాడు నారాయణరావు.

"ఆయనా నేనూ ఒకటే గైడ్ సార్. ఆయన కంటే ముందు నేను పీహెచ్‌డీ పూర్తి చేశాను" అంది షీబా. పక్క డిపార్ట్‌మెంట్ నుంచి డిస్టిల్డ్ వాటర్ క్యాన్ మోసుకొచ్చింది. బీకరు ఖాళీ చేసి, అలవాటు కొద్దీ సింకు వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కొచ్చి దాన్ని మొగుడికి అందించింది.

"కడగండి."

ఆయన చుట్టూ చూశాడు. ఇంకెవరితోనో అంటోందేమో అన్నట్టు.

"సబ్బుతో రుద్ది, కుళాయి నీళ్ళతో కడిగి, ఆఖర్న ఈ నీళ్ళతో మూడుసార్లు తొలవండి. నేను సార్ వాళ్ళకి పని గురించి చెప్తుంటాను."

ప్రొఫెసర్ పాల్ రాజు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గర నిలబడ్డాడు. ఆమె ఆకుల గురించి చెప్పింది. మందు కొట్టిన తోటలో ఆకులు ఎందుకు పనికిరావో, కాగితానికి వెండి ఎంత పట్టిస్తే చాలో, పండులోకి దిగకుండా ఏ పరీక్షలు ఇంకా చెయ్యాలో చెప్పింది. నారాయణరావు ప్రశ్నలన్నీ అలవాటుగా పాల్ రాజు వీపుని అడుగుతున్నాడు. జవాబులు ఆమె దగ్గర్నుంచి వస్తున్నాయి. కాసేపటికి నారాయణరావు తన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

కడిగిన బీకర్లో మళ్ళీ కలిపి వేడినీళ్ళలో పెట్టింది. లేత పసుపు వచ్చింది. చూస్తుండగానే తేనెరంగు తిరిగింది.

"బాగుందమ్మా. ఇంతకీ దీనికి హెడ్ ఎవరు?" అన్నాడు నారాయణరావు.

"నేను సార్. మీ దగ్గరున్న ప్రపోజల్లో పేరు తప్పు పడింది. సరిచేసి పంపిస్తాం. సరి కాకపోతే ఈ ల్యాబ్‌లో నేను బీకరు ముట్టుకోను."

నారాయణరావు కళ్ళజోడు పెట్టుకుని, "సరిచేసి పంపండి, చూస్తాం" అని, మిగతా ఇద్దరితో వరండాలోకి నడిచాడు.

పాల్ రాజు తడిచేతులతో దగ్గరికొచ్చాడు. మొహం కందిపోయింది. "వాళ్ళ ముందు అలా అంటావేంటి? ఇప్పుడు నా పేరు తీసేస్తే నా పరువేం కాను?"

షీబా ఆయన చేతికి తువ్వాలు అందించింది.

"మీ పేరు ముందుంటే ఏంటి, నా పేరు ముందుంటే ఏంటండీ? ఇంట్లోకే కదా."