గోడవైపు తిరిగి

మా కొట్లో ఒక పద్ధతుంది. ఎవరైనా ఫోనుకు లాక్ పెట్టుకుంటుంటే నేను గోడవైపు తిరిగి నిలబడతాను. నాక్కూడా చెప్పొద్దంటాను. ఫోన్లు బాగుచేసేవాణ్ణి, ఒకళ్ల గుట్టు నాకెందుకు?

కిందటేడు మా బావ వచ్చినప్పుడూ అంతే. బావ తాపీమేస్త్రీ. అక్క పోయి అప్పటికి మూడు నెలలు. పనిచోట అందరూ తన ఫోను కెలుకుతున్నారని, లాక్ పెట్టమన్నాడు. సిమెంటు తినేసిన వేళ్లు, వేలిముద్ర ఎంతకీ పడలేదు. చివరికి తొమ్మిది చుక్కల మీద గీత గీసే లాక్ పెట్టించాను. ఆపైన నా తెలివంతా ఉపయోగించి, పదిసార్లు తప్పు గీస్తే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోయే ఏర్పాటు కూడా చేశాను. ఆ సంగతి బావకు చెప్పానా అంటే, లేదు. కొట్టు నిండా జనం, తొందరలో ఉన్నాను.

మొన్న వేసవిలో బావ నిచ్చెన మీంచి పడ్డాడు. కుడిచేతికి వేళ్లదాకా కట్టు. ఎడమచేత్తో ఫోను తీసి బల్లమీద పెట్టాడు. ఇక ఒక్క ప్రయత్నమే మిగిలిందని తెరమీద ఉంది.

"తొమ్మిదిసార్లు తప్పు గీసేదాకా ఏం చేస్తున్నావు బావా? కాస్తయినా చూసుకోవద్దూ?" అని కసిరాను. కోపమంతా నామీదే, కేకలు మాత్రం అతనిమీద.

"ఆ గీత నాకు గుర్తులేదురా. బొటనవేలికి తెలుసు. అదేమో కట్టులో ఉంది," అన్నాడు. ఫోనువైపు చూస్తూ, "మీ అక్క రికార్డు చేసి పంపిన మాటలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. రోజూ వినేవాణ్ణి," అన్నాడు.

కాగితం మీద తొమ్మిది చుక్కలు పెట్టి ఎడమచేత్తో గీయమన్నాను. నాలుగుసార్లు గీస్తే నాలుగు రకాలుగా వచ్చింది. లాక్ తీయనిదే చెరిపేసే ఏర్పాటు రద్దవదు. అది పెట్టింది నేనేనని అప్పుడు ఒప్పుకున్నాను. బావ ఫోను నావైపు జరిపాడు. తిట్టినా బాగుండేది.

ఫోను ఆపేసి సొరుగులో పెట్టి తాళం వేశాను. కట్టు విప్పేదాకా నెలా పదిహేను రోజులు, బావ సాయంత్రాలు వచ్చి ఆ సొరుగు ఎదురుగా కూర్చునేవాడు. నాకు చేతిలో పని సాగేది కాదు.

కట్టు విప్పిన రోజు ఆసుపత్రి నుంచి నేరుగా కొట్టుకే వచ్చాడు. బొటనవేలు పాలిపోయి బిగుసుకుపోయింది.

"ముందు కాగితం మీద చూద్దాం బావా."

"వద్దురా. కాగితం చూస్తే ఆలోచిస్తాను. ఆలోచిస్తే తప్పుతాను."

ఫోను ఆన్ చేసి చేతికిచ్చి, అలవాటు కొద్దీ గోడవైపు తిరిగాను. వెనక చాలాసేపు చప్పుడు లేదు. అంతా పోయిందనుకున్నాను, నా చేతులారా పోగొట్టాననుకున్నాను. అప్పుడు అక్క గొంతు వినపడింది.

"ఏమయ్యా, వచ్చేటప్పుడు వంటగదికి బల్బు పట్టుకురా. రెండ్రోజుల్నించి చెప్తున్నా. ఇవాళా మర్చిపోయావంటే చీకట్లోనే తిందువుగాని."

"తీసుకెళ్లావా బావా?" అనడిగాను.

"మర్చిపోయానురా," అన్నాడు బావ. "చీకట్లోనే తిన్నాం, ఇద్దరం."

నాకు ఏడుపు ఆగలేదు. మళ్లీ పెట్టమన్నాను, గోడవైపే నిలబడి.