చిన్నదాని చెయ్యి

చెక్క సుత్తి మళ్లీ పడేసరికి చేప తల తలలా లేదు. కన్ను ఊడి మొద్దు అంచుకి అతుక్కుంది. చిన్నది సుత్తి ఇంకోసారి ఎత్తింది.

"చచ్చిందమ్మా," అన్నాడు పక్క గట్టు మీద రొయ్యలమ్మే బాబాయి. చెయ్యి చాచి సుత్తి పట్టేసుకున్నాడు. "ఎప్పుడో చచ్చింది. ఇంకా ఎందుకు కొడతావు?"

చేప అడిగిన మనిషి అప్పటికే వెనక్కి జరిగాడు. చిన్నది మరో చేప తీసి పొలుసు గీకి, పొట్ట చీల్చి, పేగుల్ని బొటనవేలితో లాగి తొట్టిలోకి విదిలించింది.

చిన్నది పేరుకే చిన్నది. యాభై దాటిన మనిషి. దిట్టమైన భుజాలు, మోచేతుల దాకా అంటుకున్న పొలుసులు. అక్క పిలిచే పిలుపే బజారుకీ అలవాటైపోయింది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు వంగవు. జారిపోయే చేపని ఆ కర్రల్లాంటి వేళ్ల కిందే నొక్కిపట్టి కోస్తుంది. వాటికేమైందని ఎవరైనా అడిగితే, "తలుపు సందులో పడ్డాయి" అనేది. అది అబద్ధం కాదు. తలుపు మూసిందెవరో మాత్రం చెప్పేది కాదు.

కాసేపటికి కత్తి పక్కన పడేసి, బజారు వెనక కుళాయి కింద చేతులు పెట్టింది. నీళ్లు ఎర్రగా గచ్చు మీద పారుతుంటే పొద్దుటి సంగతి కళ్ల ముందుకొచ్చింది.

అక్కకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడివైపు చచ్చుబడింది. గుండె కూడా ఎక్కువకాలం లాగదన్నాడు డాక్టరు. మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి తినిపించి వెళుతుంది. మిగతా చాకిరీ అంతా చిన్నదానిదే. ఇవాళ అక్క పక్క తడిపింది. చిన్నది ఆమెని ఈడ్చుకెళ్లి స్నానాల గదిలో కుర్చీలో కూలేసింది. కాగిన నీళ్లలో చన్నీళ్లు కలపకుండానే వీపు మీద గుమ్మరించింది. అక్క కెవ్వుమంటే జబ్బ మీద ఫెడీమని చరిచింది. మళ్లీ చెయ్యెత్తేసరికి అక్క బాగున్న ఎడమచేతిని తల మీద అడ్డం పెట్టుకుని, గడ్డం రొమ్ములో దాచుకుని ముడుచుకుపోయింది.

అలా ముడుచుకోవడం చిన్నదానికి బాగా తెలుసు. ఒకప్పుడు తనూ అలాగే ముడుచుకునేది.

మంచుపెట్టె మీద కూలబడింది. అమ్మ పోయేనాటికి తను చిన్నపిల్ల, అక్కకి పద్నాలుగేళ్లు. నాన్న ఎక్కడెక్కడో పనులకు పోయేవాడు. ఇంటికొస్తే అక్క ఒళ్లు బెల్టుతో హూనం చేసేవాడు. ఆయన గడప దాటగానే అక్క చేతికి గరిటె, చీపురు, ఏది దొరికితే అది; దెబ్బలు తన ఒంటి మీద. ఆ రోజులు గుర్తుకొచ్చినప్పుడల్లా చిన్నది కత్తి అందుకునేది, లేదా ఎవరో ఒకరి మీద విరుచుకుపడేది. ఇప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి. కళ్లు మూసుకుని, పళ్ల బిగువున, వేళ్లు నలిగిన నాటి గదిలోకి, జ్ఞాపకంలో, తనంతట తనే వెళ్లింది.

ఒలికిన పాలు. పారిపోబోతున్న తను. ద్వారబంధం పట్టుకున్న వేళ్లు. అక్క ఆ వేళ్లని చూసింది. చూసే తలుపు మూసింది. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడు.

జ్ఞాపకం ఎప్పుడూ ఇక్కడే తెగిపోయేది. ఇవాళ తెగనివ్వలేదు. తలుపు తెరుచుకుంది. అక్క ఆ నెత్తుటి వేళ్లని తన నోట్లో పెట్టుకుంది. తనని చంకనేసుకుని, చెప్పుల్లేని కాళ్లతో ఆసుపత్రికి పరిగెత్తింది. దారంతా "చచ్చిపోకే, చచ్చిపోకే" అని ఏడ్చింది. కట్టు విప్పకముందే మళ్లీ కొట్టింది.

అంతా నిజమే. అక్క ఏడ్చిందని దెబ్బ తేలికైపోలేదు. చిన్నది నోట్లో కొంగు కుక్కుకుని, బాబాయికి వినపడకుండా, పొట్ట పట్టుకుని ఏడ్చింది. ఏడుపు తెరిపిచ్చాక ఒక్క మాట మిగిలింది. అక్క చేసింది ఘోరమే. తను చేస్తున్నదీ ఘోరమే. దానికీ దీనికీ చెల్లు కాదు.

మిగిలిన చేపలు బాబాయికి అప్పగించి, పొద్దు వాలకముందే ఇంటికి పోయింది.

గుమ్మంలో నీడ పడగానే మంచం మీద అక్క చెయ్యి తల మీదికి లేచింది. చిన్నది దగ్గరికి వెళ్లి నేల మీద చతికిలబడింది.

"అక్కా, పొద్దున నీళ్లు కావాలనే వేడిగా పోశాను."

"తెలుసు."

"ఇవాళొక్కరోజే కాదు."

"తెలుసే, చిన్నదానా." వంకరపోయిన నోటిలోంచి మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"పక్కింటావిడ రోజూ వస్తుందిగా. ఆవిడకెందుకు చెప్పలేదు?"

"నువ్వెవరికి చెప్పావే?"

చిన్నది వంగని వేళ్లు చాపింది. అక్క వాటివైపు చూసింది.

"చూసే మూశాను," అంది. "నాన్నని ఏం చెయ్యలేకపోయేదాన్ని. నా చేతికందేది నువ్వొక్కదానివే."

చిన్నదానికి ఒళ్లంతా భగ్గుమంది. పిడికిలి బిగిసింది. అది మంచంపట్టె మీద దభీమని పడింది. అక్క కళ్లు మూసుకుంది. చర్మం చిట్లి నెత్తురు చిమ్మిన తన వేళ్ల కణుపుల్నే చూసుకుంటూ చిన్నది ఊపిరి కుదురుకునే దాకా ఆగింది.

"క్షమించానని అనను. నావల్ల కాదు. కానీ నీ మీద ఇక చెయ్యెత్తను."

"సరే," అంది అక్క. "వీపు మండుతోందే."

చిన్నది నీళ్లు తెచ్చి ముందు తన మోచేతి మీద పోసుకు చూసింది. చల్లని గుడ్డతో అద్ది, కందిన చోటల్లా మందు రాసింది. తన చెయ్యి తగిలినప్పుడల్లా అక్క ఉలిక్కిపడుతూనే ఉంది. చివర్లో ఉలికిపాటు తగ్గి, కళ్లు మూతలుపడ్డాయి.

దీపాలు పెట్టే వేళకి పాలు వెచ్చచేసి తెచ్చింది. చెంచా పెదవులకు ఆనించింది. పాలు చెంప మీదుగా దిండులోకి జారిపోయాయి. చిన్నది చెంచా కింద పెట్టి, అక్క ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. అది అడ్డం లేవలేదు.

చావు కబురు తెలిసి వచ్చిన పక్కింటావిడ, దిండు సర్దబోయి దాని కిందనుంచి ఊదారంగు ఉన్ని స్వెట్టరు లాగింది.

"అయ్యో తల్లీ! ఎండ మాడిపోతున్నా, నేనొచ్చేసరికి ఇది తొడుక్కునే ఉండేది. ఒంటిచేత్తో ఎలా తొడుక్కునేదో! విప్పుతానంటే విప్పనిచ్చేది కాదు, చలేస్తోందనేది. నువ్వు చూళ్లేదా ఎప్పుడూ?"



ఆవిడ దాన్ని మంచంపట్టె మీద వేసి నలుగురిని పిలుచుకురావడానికి వెళ్లింది. స్వెట్టరు చేతులు, జబ్బల మీది కమిలిన మచ్చలేవీ కనపడకుండా, పిడికిళ్లు కూడా మూసుకుపోయేటంత పొడవుగా, లాగి లాగి సాగిపోయి, నేల మీదికి వేలాడుతున్నాయి. ఎడమదాని అంచున, పళ్లతో పట్టి లాగిన చోట, ఉన్ని పోగులు లేచి ఉన్నాయి.