మేమూ ముగ్గురమే

కొడుకు ఆరియెల్ బూటుకి ఊడిన అడుగు అతికించాలి. పాప జులైకి దగ్గు మందు తేవాలి. మధ్యాహ్నానికి అన్నం, పప్పు డబ్బాల్లో సర్దాలి. గ్యాస్ బండి హారన్ వినిపించగానే ఎక్కడున్నా మేడ దిగి పరిగెత్తాలి. అత్తగారికి ఫోన్ చెయ్యాలి, లేకపోతే ఆదివారం మాట పడాలి. మొగుడు ఎఫ్రాయిన్ గ్రీజు బట్టలు విడిగా నానబెట్టాలి. కుట్టుషాపులో ఒక బడి మొత్తానికి స్కర్టుల మడతలు కుట్టాలి. ఇవన్నీ అయ్యాక, రోజూ ఒంటికి చెమట పట్టేలా ఏదో ఒకటి చెయ్యాలి.

ఆ ఆఖరిది నొయెమీ తోపాంతా తలలో కొత్తగా చేరిన పని. చేర్చింది ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ.

"రక్తంలో చక్కెర గట్టు మీదుంది. ఇటు దూకకముందే మీరు కదలాలి" అందామె.

"నేను కదలకుండా ఉండేదెప్పుడు డాక్టరమ్మా? నిద్రలో కూడా పనులే చేస్తుంటాను."

"మీరు పరిగెడుతున్నారు. కాళ్ళు మాత్రం మిషను కింద కూర్చునే ఉన్నాయి."

నొయెమీ తల్లి చక్కెర జబ్బుతో చివరి నాలుగేళ్ళు ఒక పాదం లేకుండా బతికింది. అందుకని ఆ మాట నొయెమీ వెంట ఇంటిదాకా వచ్చింది, బయటికి పొమ్మన్నా పోలేదు.

నొయెమీ ప్రయత్నించకపోలేదు. షాపు నుంచి వచ్చేటప్పుడు ఒక బస్సు మానేసి నడుద్దామనుకుంది. దారిలో బంగాళాదుంపలు, సబ్బు, పిల్లవాడి బూటు గుర్తొచ్చి, ఆ నడక కాస్తా సంతగా మారింది. ఇంట్లో చాప పరుచుకుని ఫోనులో చూసి వంగుదామనుకుంది. జులై వచ్చి పొట్ట మీద గుర్రమెక్కింది. పొద్దున్నే తాగే దాల్చినచెక్క బెల్లం నీళ్ళు మానేసింది, అంతే. అది మానెయ్యడానికి టైము అక్కర్లేదు కదా.

అలాంటి రోజుల్లో వీధి మూలమీద మొరోచో అనే మొక్కజొన్న పాలు, కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు అమ్మే తార్హేలియా పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిల్లా, వాలీ ఆడతావా?"

"నేనా? బళ్ళో ఆడానేమో."

"బంతి పట్టుకుంటే చాలు. ఆ జనేత్, నేను ఇద్దరమే ఉన్నాం. మూడో మనిషి కావాలి."

కిటో నగరం దక్షిణపు వీధుల్లో వాలీ అంటే ముగ్గురి ఆట. బంతి ఫుట్‌బాల్ బంతి. వల చెయ్యెత్తినా అందనంత ఎత్తు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, సాయంత్రం దీపాలు వెలిగిందగ్గర్నుంచి కేకలు, పందేలు. కానీ ఆ సిమెంటు మైదానం సాయంత్రాలు మగవాళ్ళది. ఆడవాళ్ళకి మిగిలింది తెల్లవారుజాము. అటువైపు ఆడేవాళ్ళు లేకపోతే, వలకి ఇటూ అటూ చేరి ముగ్గురూ బంతి విసురుకుంటారు. ఒకళ్ళు తగ్గితే అది ఆటా కాదు, ఏదీ కాదు. ఇద్దరు చలిలో చేతులు రుద్దుకుంటూ నిలబడటమే.

నొయెమీని మంచంలోంచి లేపింది ఆరోగ్యం కాదు. ఇద్దరు చలిలో నిలబడి ఉంటారన్న ఆలోచన. పిల్లలూ ఎఫ్రాయినూ గాఢనిద్రలో ఉండగా తలుపు దగ్గరగా వేసి వచ్చేసేది. ఆ గంట కోసం ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

జనేత్ చికైజా ఆసుపత్రి వంటింట్లో రాత్రి డ్యూటీ చేసి నేరుగా మైదానానికి వచ్చేది. వయసు ఇరవై ఆరు, ఏడాది బాబు, మొగుడు లేడు. బాబుని వాళ్ళమ్మ చూసుకుంటుంది. అమ్మ ఆకులూ మూలికలూ అమ్మడానికి సంతకి బయల్దేరేలోపు జనేత్ ఇంటికి చేరాలి. ఆ మధ్యలో ఉన్న కాస్త సందే ఆమెది. ఉల్లిపాయ వాసన కొట్టే చేతుల్తో బంతిని ఆకాశంలోకి తోసేది.

"అక్కా! చూసుకో!"

బంతి వచ్చి నొయెమీ ముక్కు మీద పడింది.

"ఏమాలోచిస్తున్నావే?" తార్హేలియా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పప్పు నానబెట్టానా లేదా అని."

"మనిషి ఇక్కడ, బుర్ర పొయ్యి దగ్గర. నీ మొగుడు ఆడేటప్పుడు పప్పు గురించి ఆలోచిస్తాడంటావా?"

"తినేటప్పుడే ఆలోచించడు పెద్దమ్మా!"

జనేత్ నవ్వాపుకోలేక నేలమీద కూలబడింది. రాత్రంతా గిన్నెలు మోసిన మనిషి, నవ్వడానికి ఇక్కడికి వచ్చేది.

జూన్, జులై నెలలు అలా నడిచాయి. నొయెమీ మోకాళ్ళు మొదట ఏడ్చాయి, తర్వాత అలవాటు పడ్డాయి. ఆగస్టులో గాలి మొదలైంది. దుమ్ము, గాలిపటాలు, కొట్టిన బంతి పక్కింటి కోళ్ళగూటి మీద. గాలితో పాటే సీజనూ వచ్చింది. సెప్టెంబరులో బళ్ళు తెరుస్తారు, కిటోలో సగం మంది పిల్లలకి అప్పుడే స్కర్టూ స్వెట్టరూ కావాలి.

"రేపట్నుంచి ఆరింటికల్లా మిషను మీద ఉండాలి. సాయంత్రం ఆరుకి వదుల్తాను" అంది షాపు యజమానురాలు. బతిమాలేదేం లేదు, అందరికీ అదే మాట.

మర్నాడు నొయెమీ మైదానంలో నిలబడే చెప్పింది. ఆడలేదు, బంతి తీసుకోలేదు.

"సీజన్ అయ్యేదాకా నావల్ల కాదు. ఇక్కణ్ణించి షాపుకి రెండు బస్సులు మారాలి."

జనేత్ మొహం చిన్నబోయింది. "మరి మేము?"

"ఎవరైనా దొరకరా?"

"ఈ వేళప్పుడు ఎవరొస్తారక్కా? నువ్వు దొరకడమే గొప్ప."

ఆటయ్యాక వల విప్పి ఇంటికి తీసుకెళ్ళే పెద్దాయన డాన్ లౌతారో అప్పుడే కొట్టు తలుపు తీస్తున్నాడు. మైదానం కమిటీ పెద్ద ఆయనే. అక్కణ్ణించే కేకేశాడు. "వారం రాకపోతే ఆ గంట ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానమ్మా! రొట్టెల బట్టీ కుర్రాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. నా ఇష్టం కాదు, అందరికీ అదే పద్ధతి."

"నీ పద్ధతికి దండం" అని గొణిగింది తార్హేలియా. తర్వాత నొయెమీ వైపు తిరిగింది. "ఆరింటికి వదుల్తారన్నావు. సాయంత్రం రా."

"సాయంత్రం పిల్లలు."

"పిల్లలకి తండ్రి లేడూ?"

నొయెమీ ఆ రోజంతా మడతలు కుడుతూ ఆ మాట తిప్పుకుంటూనే ఉంది. ఒక స్కర్టుకి మడతలు ఎడంవైపు పడ్డాయి, విప్పి మళ్ళీ కుట్టింది.

ఎఫ్రాయిన్ బస్సుల గ్యారేజీలో ఫిట్టరు. ఐదింటికి పని దిగుతాడు, మొహం కడుక్కుంటాడు, మైదానానికి పోతాడు. పెళ్ళికి ముందు నుంచీ అంతే. పిల్లలు పగలు అతని చెల్లెలు మెలీదా ఇంట్లో ఉంటారు. నొయెమీ వచ్చి వాళ్ళని తీసుకెళ్ళి వండిపెడుతుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అడిగింది. "మంగళ, గురువారాలు నువ్వు పిల్లల్ని తెచ్చుకుని అన్నం పెట్టు. నేను ఆడతాను."

అతను నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, అర్థం కాని నవ్వు. "మంగళ, గురువారాలు మా ఆట ఉంటుంది కదే."

"తెలుసు."

"మేం ముగ్గురం నొయెమీ. నేను పోకపోతే మిగతా ఇద్దరూ ఏం చేస్తారు? ఉత్తి చేతుల్తో నిలబడతారా?"

నొయెమీ చెంచా కింద పెట్టింది. "మేమూ ముగ్గురమే."

అతను జులై ముక్కు తుడిచాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మంగళవారం ఆరున్నరకి నొయెమీ ఇంటికి వెళ్ళలేదు. జాకెట్టు నిండా నీలం దారప్పోగులతో నేరుగా మైదానానికి వచ్చింది. తార్హేలియా మైదానం అంచు గీత దగ్గర ఉంది, పక్కన జనేత్. డ్యూటీకి పోతూ ఆగినట్టుంది, భుజాన సంచీ, ఒంటి మీద వంటింటి తెల్లకోటు.

"నీకు బస్సు లేదూ?" అంది నొయెమీ.

"తర్వాతి బస్సుకి పోతానులే. ఈ ఒక్క ఆటే అక్కా."

సాయంత్రం ఆటలో గెలిచినవాళ్ళు మైదానంలోనే నిలబడతారు, అడిగినవాళ్ళు వాళ్ళ మీదికి దిగుతారు. ఎఫ్రాయిన్ జట్టు గెలిచి చెమట తుడుచుకుంటోంది.

"తర్వాతి ఆట మాది" అంది నొయెమీ.

బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేశారు. "ఎఫ్రాయినూ, ఇంటికి తాళం వేసొచ్చావా? లేకపోతే నీ మంచం కూడా పట్టుకొచ్చేట్టుంది!"

"వదినా, పిల్లల్ని చూసేదెవరు?" అన్నాడింకొకడు.

"ఓడినవాళ్ళు!" అంది నొయెమీ.

అక్కడ లేచిన నవ్వుకి ఎఫ్రాయిన్ కూడా తలొంచుకుని నవ్వాడు.

ఓడారు. దాపరికం ఎందుకు, బాగానే ఓడారు. గాలి మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకలాగే వీచింది, కానీ వాళ్ళకి పదేళ్ళ సాధన ఉంది. అయినా జనేత్ రెండుసార్లు ఎగిరి బంతిని వల అంచు మీంచి అటు జార్చింది, ఎఫ్రాయిన్ కాళ్ళ దగ్గరే. తార్హేలియా పరిగెత్తకుండానే ఎక్కడ పడుతుందో అక్కడే ఉంది. నొయెమీకి ఆ కాసేపు పప్పు గుర్తు రాలేదు.

చివరి బంతి పడగానే జనేత్ సంచీ లాక్కుని వాలు దారిన పరుగు పెట్టింది. "గురువారం దుమ్ము దులపండక్కా!" అన్న కేక మాత్రం వెనక్కి వచ్చింది.

నొయెమీ రొప్పుతూ సంచీలోంచి ఇంటి తాళంచెవి తీసింది. ఓడింది తనే, మాటంటే మాట. వెళ్ళి వండాలి. ఎఫ్రాయిన్ ఆమె ఎర్రబడ్డ మొహం చూశాడు, తొడల మీద ఆనించిన చేతుల్ని చూశాడు. ఏం చూశాడో అతనికే తెలియాలి. తాళంచెవి చేతిలోంచి తీసుకున్నాడు.

"మంగళ, గురు. సీజన్ అయ్యేదాకా."

"అయ్యాక కూడా."

ఎఫ్రాయిన్ మెలీదా ఇంటి వైపు నడిచాడు. వెనక నుంచి అతని జట్టువాడు "రేయ్, మరి మేమిద్దరం?" అని అరుస్తూనే ఉన్నాడు.

గురువారం మూడో మనిషిగా మెలీదా వచ్చింది. "రోజంతా నీ పిల్లల వెనక పరిగెడుతున్నా కదా వదినా, ఒక బంతి వెనక పరిగెత్తలేనా?" అంది. జనేత్ రాలేదు, రాలేదని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆరున్నరకి ఆట, ఏడింటికి ఆమె డ్యూటీ. ఒక్క ఆటకి ఆలస్యం చేసి ఒకసారి మాట పడింది, రోజూ పడటం కుదరదు.

బళ్ళు తెరిచాక నొయెమీ షాపు మళ్ళీ ఎనిమిదింటికి మారింది. మొదటి సోమవారమే చీకట్లో లేచి మైదానానికి వెళ్ళింది. రొట్టెల బట్టీ కుర్రాళ్ళు ముగ్గురు ఆడుతున్నారు. డాన్ లౌతారో చేతులు చాచాడు. "చెప్పాను కదమ్మా. ఇప్పుడు వాళ్ళని పొమ్మంటే న్యాయమా?"

న్యాయం కాదు. నొయెమీకీ తెలుసు. ఆమె చక్కెర కాస్త దిగిందని డాక్టరమ్మ చెప్పింది, అది సంతోషమే. అయినా మంగళవారం వచ్చేసరికి, బంతి పైకి లేచిన ప్రతిసారీ ఆమె కళ్ళు వాలు దారి వైపు పోతాయి. "మళ్ళీ ఎక్కడుందే నీ బుర్ర?" అని తార్హేలియా అరుస్తుంది. ఈసారి అది పొయ్యి దగ్గర లేదు.

జనేత్ ఎదురుపడితే నవ్వుతుంది. "నడుస్తున్నాలే అక్కా, బస్టాపు దాకా" అంటుంది. బస్టాపు సందు చివరే ఉంది.

ఎప్పుడైనా ఒక సాయంత్రం మీరు అటు వస్తే, దీపాల కింద ముగ్గురు ఆడవాళ్ళు ఆడుతూ కనిపిస్తారు. చూసి ఈల వెయ్యండి, వాళ్ళకి ఇష్టమే. ఆ వేళకే తెల్లకోటు సంచీలో పెట్టుకుని వాలు దిగిపోయే జనేత్ చికైజాని మాత్రం మరిచిపోకండి. ఆ సాయంత్రాలు ఆమె కూడా ఆడి ఓడితేనే వచ్చాయి.