నాలుగు పంటి గాట్లు

నేను ఒక రెండు గొట్టాల తుపాకీని. ఇప్పుడు నన్ను చూస్తే మీరు నమ్మరు, పెళ్లి బ్యాండువాళ్ల బూరా అనుకుంటారు. అంత తళతళగా ఉన్నాను. ఆ తళతళే కొంప ముంచింది. ఎవరో పగవాడు ముంచినా ఇంత బాధపడేదాన్ని కాదు.

నేను పుట్టింది ఇంగ్లండులో, ఒక చిన్న కార్ఖానాలో. వందేళ్ల పైమాటే. ఒక ముసలి పనివాడు నా రెండు పక్కలా ఉక్కు మీద బాతుల జంటను ఉలితో తీర్చాడు. ఒక్కో రెక్కకు ఒక్కో రోజు పట్టింది మహానుభావుడికి. భుజానికి ఆనించే భాగాన్ని అక్రోటు చెక్కతో చేసి, నెలల తరబడి నూనె పట్టించాడు. తర్వాత ఓడెక్కి మద్రాసు చేరాను. అక్కడ దుకాణంలో అద్దాల బీరువాలోంచి నన్ను ఏరుకున్నవారు గోకవరం ముదునూరి పెద్దరాజుగారు. "ప్రాణం ఉండగా దీన్ని వదలను" అన్నారు. కొనేటప్పుడు అందరూ అనేదే అది. ఆయన మాత్రం ఆ మాట నిలబెట్టుకుని పోయారు.

వేట మీద నిషేధం ఇంకా రాని రోజులవి. ఊరవతల జీడితోటల్లో పశువులను ఎత్తుకుపోతున్న చిరుత కోసం ఒక ఉదయం బయలుదేరాం. ఎనిమిదేళ్ల కొడుకు గోపాలవర్మ ఇంట్లో చెప్పకుండా మా వెనకే వచ్చాడు. నా రెండు తూటాలూ గురి తప్పాయి. చిరుత పిల్లాడి మీదికి దూకింది. మళ్లీ తూటాలు నింపే వ్యవధి ఎక్కడిది? పెద్దరాజుగారు నన్ను తిరగేసి నా చెక్కను దాని నోట్లో కుక్కారు. పిల్లాడి మెడలో దిగాల్సిన నాలుగు కోరలు నాలో దిగాయి. వెంట వచ్చిన జనం కేకలకు అది నన్ను వదిలేసి పారిపోయింది.

ఆ గాట్లను పెద్దరాజుగారు పూడ్పించలేదు. ఏటా ఆయుధపూజ నాడు నాలుగు గాట్లలో నాలుగు కుంకుమబొట్లు పెట్టేవారు. ఆయన తర్వాత గోపాలవర్మ పెట్టాడు. కోపమొచ్చినా, దిగులేసినా నన్ను ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో ఆ గాట్లు తడుముకుంటూ కూర్చునేవాడు. తడిమి తడిమి వాటి అంచులు నున్నబడ్డాయి. ఈయన నన్ను చస్తే మరిచిపోడు అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని!

గోపాలవర్మకు అరవై దాటాయి. భార్య సుభద్రాదేవికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మంచం మీంచి వంటింటి దాకా వెళ్లాలంటే గోడ పట్టుకుని, ముఖం గట్టిగా బిగించి నడిచేది ఆ తల్లి. రెండూ మార్చాల్సిందే అన్నారు డాక్టర్లు. రాజుగారి దగ్గర అప్పటికి మిగిలినవి పరువూ, నేనూ. పరువు ఎవరూ కొనరు కదా, నన్ను అమ్ముదామనుకున్నాడు. అందుకు నాకు కోపం లేదు, ఒట్టు. ఆవిడ లేచి నడుస్తుందంటే ఎవరింటికైనా వెళ్లేదాన్ని.

హైదరాబాదు నుంచి నిరంజనరావుగారని, పాత తుపాకులు సేకరించే పెద్దమనిషి వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని గంటసేపు నన్నే చూశాడు. బాతులను చూశాడు. రంగు వెలిసిన గొట్టాలను చూశాడు. గాట్ల కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"రంగు పోయింది, గీతలు పడ్డయి, పులి కరిచింది. గందుకే నాకు కావాలె రాజుగారూ. ఎనిమిది లక్షలిస్త. కలెక్టరాఫీసు నుంచి కాగితాలు రాంగనే తీస్కపోత" అన్నాడు.

సుభద్రమ్మ మంచం మీంచే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఇక్కడే వచ్చింది తంటా. రాజుల ఇళ్ల సంగతి మీకు తెలియంది కాదు. వాళ్లింట భోజనానికి వచ్చినవాడు పులుసులో ఉప్పు లేకపోయినా బ్రహ్మాండం అనే లేస్తాడు. ఆ విషయం పెట్టినవాళ్లకూ తెలుసు. అందుకే నిరంజనరావు మాటలను మన రాజుగారు ఆ లెక్కలోనే వేసుకున్నాడు.

"పెద్దమనిషి గనక మొహమాటానికి అలా అన్నాడే. గాట్లు పడ్డ సామాను చేతిలో పెడితే, ముదునూరివారు పాత కట్టె అంటగట్టారని రేపు నలుగురిలో అనడూ?" అన్నాడు భార్యతో.

"ఆయన చూసుకునే కదండీ ఒప్పుకున్నారు. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యండి" అందావిడ.

"నీకు తెలీదు, ఊరుకో."

నన్ను రాజమండ్రి తీసుకెళ్లాడు. నికెల్ పూత వేసేవాడు, పూత పట్టాలంటే ముందు నునుపు చెయ్యాలన్నాడు. తిరిగే చక్రానికి నన్ను ఆనించాడు. ముసలాయన రోజుకొకటిగా తీర్చిన రెక్కలు కాఫీ చల్లారేలోపు అరిగిపోయాయి. ఆ కాఫీ తాగుతూ పక్కనే కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? నా గోపాలవర్మే. "ఇంకాస్త మెరవాలోయ్" అన్నాడు కూడా.

తర్వాత వడ్రంగి వీరభద్రాచారి వంతు. అతను మాత్రం కాసేపు తటపటాయించాడు.

"అయ్యా, ఇవి మిమ్మల్ని కాపాడిన గాట్లు కదండీ. ఉంచేద్దామండీ" అన్నాడు.

రాజుగారి బొటనవేలు అలవాటుగా గాట్ల మీదికి వెళ్లింది. ఒక్క క్షణం ఆగింది. బతికిపోయాననుకున్నాను. "తీసెయ్. టేకుతో కొత్తది చెయ్" అన్నాడు.

లోపలి వంపులు తెలియడానికి ఆచారి పాత చెక్కను నాలుగు ముక్కలు కోసి చూశాడు. ఇచ్చిన చెక్కలో పొట్టు కూడా మిగుల్చుకోని మనిషి కాబట్టి, ఆ ముక్కలన్నీ గోనెసంచిలో వేసి ఇంటికి పంపాడు. నాకేమో కొత్త టేకు చెక్క, దాని మీద వార్నిషు, చివర ఇత్తడి సింహం తల!

రెండు నెలలకు కాగితాలతో వచ్చాడు నిరంజనరావు. రాజుగారు నా మీది పట్టుబట్ట తీసి నన్ను పెద్ద పళ్లెంలో పెట్టి అందించాడు, అల్లుడికి తాంబూలం ఇస్తున్నంత మురిపెంగా. ఆయన నన్ను అందుకోలేదు.

"ఎంత పని చేసిండ్రండీ" అన్నాడు. "నేను కొన్నది ఆ బాతుల్ని, ఆ గాట్లని. ఇప్పుడిది ఏ దుకాణంలనైనా దొరికే తుపాకీ. దీనికి యాభై వేలు గూడ ఎక్కువే."

"మీ గౌరవం కోసం చేయించానండీ" అన్నాడు రాజుగారు.

"పాత చెక్కన్న ఉన్నదా? గాట్లున్న ముక్క ఒక్కటి దొరికినా, ఎంతో కొంత ఎక్కువిస్త."

రాజుగారి ముఖం వెలిగింది. "సుభద్రా! ఆచారి పంపిన గోనెసంచి ఎక్కడుందే?" అని అరిచాడు.

సుభద్రమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. రావడానికి చాలాసేపు పట్టింది.

"వడ్రంగి చెక్కలే కదా అని మొన్న ముసురుకు నీళ్ల పొయ్యిలో పెట్టించానండీ. మోకాళ్లకు కాపడానికి." ఆవిడ ఇద్దరి ముఖాలూ చూసింది. "భలే మండాయి. ఆ పూట నొప్పి కాస్త తగ్గింది కూడా. ఏమండీ, ఏమైంది?"

నిరంజనరావు కాఫీ పూర్తిగా తాగి, కాఫీ బ్రహ్మాండంగా ఉందమ్మా అని చెప్పి వెళ్లిపోయాడు.

దసరా వచ్చింది. నన్ను పీట మీద పెట్టారు. గోపాలవర్మ కుంకుమ తీసుకుని నా మీదికి వంగాడు. బొటనవేలు వార్నిషు మీద అటూ ఇటూ వెతికింది. నలభై ఏళ్లుగా పెడుతున్న చోటు కనబడలేదు ఆయనకు. వెనక మంచం మీంచి సుభద్రమ్మ, "పెట్టండి, హారతి ఆరిపోతోంది" అంది. కుంకుమ వేలికే ఉండిపోయింది.