డ్యూటీ దిగేముందు చెప్పాల్సిన మాట

మా కోడలు నర్సు చదువు చదివింది. ఈ పరాయి దేశంలో చేస్తున్నది మాత్రం వృద్ధుల ఆశ్రమంలో పక్కలు సర్దే పని. పెద్దాసుపత్రిలో నర్సుగా చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. వినడం, చదవడం, మాట్లాడటం అయిపోయాయి. రాయడం దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది. అయిదువందలకి మూడువందల యాభై మార్కులు కావాలి. ఆమె కోసం ఆసుపత్రివాళ్లు అట్టేపెట్టిన ఖాళీకి గడువు రెండు నెలలే. ఈసారీ పోతే ఆ చోటు వేరేవాళ్లది.

పరీక్షలో ఒక రోగి కాగితాలు ఇస్తారు. అవి చదివి, ఆ రోగిని ఇకమీదట చూసుకోబోయే మనిషికి ఉత్తరం రాయాలి. నలభై అయిదు నిమిషాలు. రెండు వందల మాటలు దాటకపోతే మేలట.

సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసేది. ఎదురుగా కూర్చుని గడియారం చూడటం నా పని. మాట్లాడక్కర్లేదు కాబట్టి ఒప్పుకున్నాను.

"మా నాన్న నోరు తెరవాలంటే పళ్ల డాక్టరు రావాలి" అంటాడు మావాడు. అననీ.

ఒకరోజు టైమైందని చెప్పినా ఆమె తల ఎత్తలేదు. ఇంకో పది నిమిషాలు రాసి కలం గిరాటేసింది.

"మళ్లీ మూడువందల నలభై మాటలు! ఏం తీసేయాలో తెలిసి చావట్లేదు మావయ్యా. రాయనిది చేయనట్టే లెక్క అని మాకు నేర్పారు. ఒక్క ముక్క వదిలితే పెద్ద నర్సు ఉతికి ఆరేసేది."

"తెలుగులో చెప్పు" అన్నాను.

చెప్పింది. ఒక పెద్దాయన మోకాలి ఆపరేషన్ అయి ఇంటికి వెళుతున్నాడు. కట్టు మార్చడానికి ఇంటికొచ్చే నర్సుకి ఉత్తరం. ఆయన తపాలా ఆఫీసులో చేశాడు. టీలో చక్కెర వేసుకోడు. వాళ్లన్న నిరుడు పోయాడు.

"కట్టు మార్చే అమ్మాయికి వాళ్లన్న గొడవెందుకు?"

"కాగితాల్లో ఉందిగా!"

నేను మిల్లులో ముప్ఫయ్యేళ్లు బాయిలర్ దగ్గర చేశాను. డ్యూటీ దిగేటప్పుడు, వచ్చే మనిషికి చెప్పి దిగాలి. నేను రెండు మాటలు చెప్పేవాణ్ణి. అదే ఆమెతో అన్నాను.

"వచ్చినవాడు దేని మీద చెయ్యి వేస్తాడో అది చెప్పాలి. మిగతాది రిజిస్టర్లో ఉంటుంది."

"అమ్మో, ఇన్ని మాటలున్నాయా మీ దగ్గర!" అంది.

మర్నాటి నుంచి ఆ వచ్చే మనిషిని నేనయ్యాను. ఆమె తెలుగులో చెప్పేది. నేను "నాకెందుకు?" అనేవాణ్ణి. "మీకు ఏదీ అక్కర్లేదు, మహానుభావా" అని రుసరుసలాడుతూ కొట్టేసేది. పరీక్షకు రెండు రోజుల ముందు నూట నలభై మాటల్లో ముగించింది. పది నిమిషాలు మిగిలాయి. మొహం వెలిగిపోతోంది.

ఆ రోజు కాగితాల్లో ఒకామెకి కాలి మీద పుండు. ఎలా కడగాలో, ఎప్పుడు కట్టు మార్చాలో, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పింది. శుభ్రంగా ఉంది. అయినా నాకెందుకో కుదురుగా లేదు.

"ఆమెకి పడని మందు ఏదైనా ఉందా?"

"ఆ, పెన్సిలిన్..." అంటూ ఆగిపోయింది. కాగితం వైపు చూసుకుంది. "చిన్నప్పటి సంగతని కొట్టేశాను మావయ్యా. మీరు నాకెందుకు అంటారని."

తప్పు నాదే. 

"మిల్లులో ఒకసారి ఆవిరి వాల్వు బిగుసుకుపోయింది. అప్పటికి నాలుగు రోజులైంది. అందరికీ తెలిసిందేగా అని చెప్పకుండానే డ్యూటీ దిగిపోయాను. వచ్చినతను సెలవులో ఉండి వచ్చాడు. బలంగా తిప్పాడు. ఆవిరి చిమ్మి మోచేతి దాకా కాలింది."

"ఏమైంది ఆయనకి?"

"బతికాడు. మళ్లీ పనిలోకి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు."

ఆమె కొత్త కాగితం తీసి మొదటి నుంచి రాసింది. ఈసారి నూట తొంభై. పెన్సిలిన్ సంగతి మొదట్లోనే పెట్టింది.

పరీక్ష రాసొచ్చింది. మూడో వారంలో ఫలితం వచ్చింది. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. మూడువందల అరవై. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

"ఆసుపత్రివాళ్లకి చెప్పావా?"

"గడువు ఇంకా పది రోజులుంది. వాళ్లకీ ఈపాటికి తెలిసే ఉంటుందిలెండి."

"ఇప్పుడే చెప్పు" అన్నాను.

నా మొహం చూసి, అక్కడే నిలబడి ఫోన్ చేసింది.